కార్డు మీద ఏడో వాక్యం

ఉదయం ఆరుంపావుకు మా అత్తయ్య వంటింటి బల్ల మీద ఇరవై కార్డులు పేర్చుకుంటుంది. ఒక్కొక్కటి అరచేయంత ఉంటుంది, పచ్చరంగు అట్ట. దాని మీద ఆరు వాక్యాలు అచ్చయి ఉంటాయి. ఆరో వాక్యం కింద మిగిలిన వేలెడు జాగాలో ఆమె నల్ల పెన్నుతో ఏడో వాక్యం రాస్తుంది. ఇరవై కార్డుల మీదా అదే వాక్యం. రాస్తున్నంతసేపూ పక్కన ప్లేటులో టిఫిన్ చల్లారిపోతూ ఉంటుంది. ఇరవయ్యో కార్డు మీద సిరా ఆరాక అన్నిటికీ కలిపి రబ్బరు బ్యాండు వేసి, సంచిలో పెట్టుకుని, అప్పుడు తింటుంది.

ఆమె నర్సు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఇరవై రెండేళ్లు పెద్దాస్పత్రి ఛాతీ జబ్బుల ఓపీలోనే గడిచాయి. ఆయాసంతో వచ్చే వాళ్లలో కొందరికి డాక్టరు స్టెరాయిడ్ మాత్రలు రాస్తాడు. రాసిన కాగితం చేతిలో పెట్టి పక్క గదిలోకి పంపిస్తాడు. ఆ పక్క గదిలో ఒక బల్ల, రెండు స్టూళ్లు, బరువు చూసే యంత్రం, బీపీ చూసే పెట్టె, మా అత్తయ్య ఉండేవి. ఆమె కూడా ఆ సామానులో ఒకటన్నట్టే ఉండేదని అందరూ నవ్వేవారు. ఎప్పుడు వెళ్లినా అక్కడే, అదే స్టూలు మీద.

ఆ మాత్ర గురించి చెప్పేటప్పుడు ఆమె ఒక మాట అనేది. ఇది ఇంటికి వచ్చిన పెద్ద చుట్టంలాంటిది, రమ్మన్నంత తేలిగ్గా పొమ్మనకూడదు, మెట్టు మెట్టుగా గుమ్మం దాకా సాగనంపాలి అని. ఎందుకో కూడా చెప్పేది. ఇలాంటి సరుకు మన ఒంట్లోనే రోజూ కొంత తయారవుతుంది. బయటినుంచి మాత్ర వచ్చి ఆ పని చేస్తుంటే ఒళ్లు చేతులు ముడుచుకుని కూర్చుంటుంది. నెలల తరబడి అలా కూర్చున్నదాన్ని ఒక్కరోజులో లేచి పని చేయమంటే లేవదు. అప్పుడు నీరసం, వాంతి, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం, ఆ తర్వాత ప్రాణం మీదికి రావడం. ఇదంతా చెప్పి ఊరుకునేది కాదు. ఎదుటివాళ్ల చేత తిరిగి చెప్పించేది. చెప్పలేకపోతే మళ్లీ మొదటినుంచి. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు విసుక్కునేవాళ్లు. ఒక ముసలాయన, నేను వచ్చింది దగ్గుకు తల్లీ, పరీక్షకు కాదు అన్నాడట.

ఆ పచ్చ కార్డు ఆమెదే. ముందు చేత్తో రాసి ఇచ్చేది. తర్వాత ఛాతీ డాక్టరు చెప్పి అచ్చు వేయించాడు. తిన్న తర్వాతే వేసుకోవాలి, ఖాళీ కడుపుతో వద్దు. ఉదయం పూటే వేసుకోవాలి. డాక్టరు తగ్గించమంటే తప్ప ఒక్కరోజు కూడా మానకూడదు. జ్వరం వచ్చినా, పుండు మానకపోయినా, విరేచనం నల్లగా అయినా వెంటనే రావాలి. ఈ కార్డును మాత్రలతో పాటే ఒకే చోట ఉంచి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా చూపించాలి. ఈ మాత్రలు ఇంకొకరికి ఇవ్వకూడదు. ఈ ఆరు వాక్యాల వల్లే ఆమెకు కార్డు సిస్టర్ అని పేరు వచ్చింది. ఆ పేరంటే ఆమెకు లోలోపల గర్వం ఉండేది.

ఆమె దగ్గర పాఠం నేర్చుకున్నవాళ్లలో మా పెద్దమ్మను మించినవాళ్లు లేరు.

పెద్దమ్మ మా మామయ్యకు అక్క, అంటే అత్తయ్యకు ఆడపడుచు. భర్త పోయాక ఒక కుట్టుమెషిన్, ఒక ట్రంకు పెట్టె పట్టుకుని తమ్ముడి ఇంటికి వచ్చేసింది. ముందుగది ఆమెది. మెడలో ఎప్పుడూ టేపు వేలాడేది. కొత్త బట్టలు కుట్టేది కాదు. పాతవి సరిచేసేది. ప్యాంట్ల పొడుగు తగ్గించడం, నడుములు వదులు చేయడం, చిరిగిన కాలర్లు తిప్పి కుట్టడం. ఏళ్ల తరబడి గుడ్డపీచు పీల్చినందుకో, పుట్టుకతోనే వచ్చిందో, ఊపిరితిత్తులు చెడ్డాయి. నాలుగేళ్ల కిందట ఆయాసంతో ఆస్పత్రిలో పడి, స్టెరాయిడ్ మాత్రల మీద బతికి బయటపడింది. పూర్తిగా ఆపుదామని డాక్టరు రెండుసార్లు మెట్లు మెట్లుగా దించి చూశాడు. రెండుసార్లూ ఆయాసం తిరగబెట్టింది. చివరికి రోజుకు రెండు తెల్ల మాత్రల దగ్గర నిలిపాడు.

మాత్రలు ఆయాసాన్ని తగ్గించాయి, ముఖాన్ని పెంచాయి. బుగ్గలు గుండ్రంగా ఉబ్బాయి, మెడ వెనక కొవ్వు పేరుకుంది. పెద్దమ్మ తన బట్టల పక్క కుట్లు తనే విప్పి వదులు చేసుకుంది. అద్దం ముందు నిలబడితే నాకంటే ముందు నా బుగ్గలు వచ్చి నిలబడుతున్నాయి అనేది. బట్టలు సరిచేయించుకోడానికి వచ్చినవాళ్లు ఒళ్లు చేశావే అంటే, మా మరదలు ముద్దలు చేసి పెడుతోంది అనేది. మనసులో ఏమనుకునేదో తెలియదు. ఒకసారి మాత్రం పాత ఫోటో ఒకటి ట్రంకు అడుగున బోర్లించి పెట్టడం చూశాను.

నేను ఆ ఇంట్లో ఉండి చదువుకున్న రెండేళ్లూ రోజూ ఉదయం ఒకే సంభాషణ విన్నాను. అత్తయ్య డ్యూటీకి బయలుదేరుతూ ముందుగది గుమ్మంలో ఆగేది.

"తిన్నావా వదినా?"

"తిన్నాను మహాప్రభూ."

"ఏం తిన్నావు?"

"నీ బుర్ర."

"ప్లేటు చూపించు."

పెద్దమ్మ ఖాళీ ప్లేటు ఎత్తి చూపించేది. అప్పుడు నాలుక మీద మాత్రలు పెట్టుకుని, నీళ్లు తాగి, నోరు తెరిచి మరీ చూపించేది. ఆస్పత్రిలో కూడా ఇంత కాపలా లేదు అని దెప్పేది. మాత్రలు, పచ్చ కార్డు రెండూ ఒకే రేకు డబ్బాలో ఉండేవి. అది పాత బొత్తాల డబ్బా.

ఈ క్రమశిక్షణ ఊరికే రాలేదు. మొదటి ఏడాది పెద్దమ్మ ఒకరోజు పని హడావిడిలో ఖాళీ కడుపుతో మాత్రలు వేసుకుని, కడుపు మంటతో మూడు రోజులు మెలికలు తిరిగింది. ఇంకోసారి ఉదయం మరిచిపోయి సాయంత్రం వేసుకుంది. నిద్ర పట్టక తెల్లారేదాకా కూర్చుని ఆరు ప్యాంట్ల అంచులు కుట్టేసింది. తెల్లారాక అదేదో ఘనకార్యంలా చెప్పుకుంది. అత్తయ్య ఆమెను బట్టలివ్వడానికి వచ్చిన వాళ్ల ముందే తిట్టింది. తింటేనే వేసుకో, పొద్దున్నే వేసుకో, ఈ రెండూ తప్పితే నా మొహం చూడకు అంది. పెద్దమ్మ మర్నాటినుంచి ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ తిట్టు అంత బాగా పని చేసింది.

కిందటేడు ఒక ఆదివారం మధ్యాహ్నం పెద్దమ్మ దారపుండల పెట్టె కోసం పీట ఎక్కి జారిపడింది. పడింది జానెడు ఎత్తునుంచే. తుంటి ఎముక విరిగింది. స్టెరాయిడ్ ఏళ్ల తరబడి వాడితే ఎముక గుల్లబారుతుందని, దానికీ ఒక బిళ్ల వేసుకోవాలని అత్తయ్యకు తెలుసు, పెద్దమ్మ ఆ బిళ్ల కూడా వేసుకుంటూనే ఉంది. అయినా విరిగింది.

ఆదివారం ఓపీ లేకపోయినా, ఆ రోజు అత్తయ్యకు ఛాతీ వార్డులో డ్యూటీ పడింది. మామయ్య బస్సు డిపోలో మెకానిక్కు, ఆదివారం గనుక ఇంట్లోనే ఉన్నాడు. అక్కను ఆటోలో పడుకోబెట్టి అదే ఆస్పత్రికి తీసుకువెళ్లి ఎముకల వార్డులో చేర్పించాడు. దారిలో అత్తయ్యకు ఫోన్ చేస్తే ఆమె ఒకటే అడిగింది, మాత్రల డబ్బా తెచ్చావా అని. తెచ్చాను అన్నాడు. అయితే ఫర్వాలేదు, కార్డుందిగా అందులో, అంది.

ఎముకల వార్డులో ఒక ఆనవాయితీ ఉంది. రోగి ఇంటినుంచి తెచ్చుకున్న మందులు మంచం దగ్గర ఉండనివ్వరు. ఎవరు ఏది మింగుతున్నారో తెలియకుండా పోతుందని, చేరగానే వాటిని ఒక కవరులో వేసి, మంచం నంబరు రాసి, సిస్టర్ల బల్ల వెనక బీరువాలో పెడతారు. డాక్టరు రాస్తే అందులోంచి తీసి ఇస్తారు. ఇంటికి వెళ్లేటప్పుడు కవరు చేతికిస్తారు. చెడ్డ పద్ధతి అనడానికి లేదు. పెద్దమ్మ బొత్తాల డబ్బా కూడా అలాగే కవరులోకి, కవరు బీరువాలోకి వెళ్లింది. కార్డు డబ్బాలో ఉంది. కార్డును మాత్రలతో పాటే ఉంచాలన్నది ఐదో వాక్యం కదా. కేస్ షీటు రాసిన కుర్ర డాక్టరు ఏమైనా మందులు వాడతారా అని మామయ్యను అడిగాడు. ఆయన, ఆయాసానికి వాడుతుంది సార్, అన్నీ ఆ డబ్బాలో ఉన్నాయి అన్నాడు. ఆయాసానికి మందులు అని షీటులో రాసుకున్నాడు. అంతే రాసుకున్నాడు.

ఆపరేషన్ సోమవారం అన్నారు. అర్ధరాత్రి నుంచి ఏమీ తినకూడదు, నీళ్లు కూడా తాగకూడదు అన్నారు. సోమవారం ఏదో బస్సు ప్రమాదం కేసులు వచ్చిపడ్డాయి. సాయంత్రం నాలుగింటికి ఈరోజు కాదు, తినండి అన్నారు. మంగళవారం మళ్లీ అలాగే కడుపు మాడ్చి ఉంచి, మత్తు డాక్టరు రాలేదని సాయంత్రం ఐదింటికి తినమన్నారు. బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి థియేటర్లోకి తీసుకెళ్లారు.

ఆదివారం ఉదయం వేసుకున్నవే పెద్దమ్మ చివరి మాత్రలు.

ఈ మూడు రోజులూ మా అత్తయ్య అదే ఆవరణలో, రెండు వందల అడుగుల దూరంలో తన ఓపీలో కూర్చుని, కొత్తవాళ్లకు ఒక్కరోజు కూడా మానకూడదు అని చెబుతూనే ఉంది.

ఆమె ఎందుకు వెళ్లి చూసుకోలేదని తర్వాత అందరూ అడిగారు. వెళ్లింది. మూడు సాయంత్రాలూ వెళ్లింది. అయితే సిస్టర్‌గా వెళ్లలేదు. దానికి రెండు నెలల ముందు ఒక గొడవ జరిగింది. తన పాత పేషెంటు ఒకాయన ఎముకల వార్డులో ఉంటే, అత్తయ్య వెళ్లి ఆయన కేస్ షీటు తీసి స్టెరాయిడ్ రాశారో లేదో చూసింది. అక్కడి హెడ్ సిస్టర్ ఆ షీటు ఆమె చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది. మీ ఛాతీ మీరు చూసుకోండి, మా ఎముకలు మేం చూసుకుంటాం అంది. ఫిర్యాదు నర్సులందరి మీదా పెద్ద అయిన మేట్రన్ దాకా వెళ్లింది. పక్క వార్డు షీటు ముట్టుకోకూడదన్నది ఆస్పత్రిలో రాయని చట్టం. మేట్రన్ గదిలో నిలబెట్టి అత్తయ్య చేత క్షమాపణ చెప్పించారు. ఇరవై రెండేళ్లలో అదే మొదటిసారి. ఆ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు పెద్దమ్మే నవ్వించింది, ఏం ఫర్వాలేదు మరదలా, నా ఎముకలు విరిగినప్పుడు ఆవిడ చేత నీకు క్షమాపణ చెప్పిస్తాలే అని.

అందుకని అత్తయ్య ఆ వార్డు గుమ్మం ముందు బ్యాడ్జీ తీసి సంచిలో వేసుకుని, మిగతా చుట్టాల్లాగే లోపలికి వెళ్లింది. మంచం పక్క స్టూలు మీద కూర్చుంది. దుప్పటి సర్దింది. నొప్పి ఎలా ఉందని అడిగింది. ఏళ్ల తరబడి ఒక్క ఉదయం కూడా మానకుండా అడిగిన ప్రశ్న మాత్రం ఆ మూడు రోజులూ అడగలేదు. అది వార్డువాళ్ల పని అనుకుంది. అడిగితే వాళ్లను అనుమానించినట్టు ఉంటుంది అనుకుంది. కార్డుందిగా అనుకుంది.

మంగళవారం సాయంత్రం పెద్దమ్మ చేయి చల్లగా ఉంది. తెచ్చిన బ్రెడ్డు రెండు ముక్కలు తిని చాలంది, కడుపులో తిప్పుతోందంది. ఒక్క జోకు కూడా వేయలేదు. నొప్పికి ఇచ్చిన ఇంజెక్షన్ మత్తేమో అని అత్తయ్య సరిపెట్టుకుంది. నీరసం, కడుపులో తిప్పడం, ఇవి కనిపిస్తే ముందు అడగాల్సింది మాత్ర తప్పిందా అని. వందలమంది రోగుల బంధువులకు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పిన సంగతి అది.

బుధవారం ఆపరేషన్ బల్ల మీద పెద్దమ్మ బీపీ పడిపోయింది. ఎన్ని సెలైన్లు ఎక్కించినా, ఏ మందు పెట్టినా లేవలేదు. ఐసీయూకు మార్చి, రక్తం పోయిందేమో, గుండె ఏమో అని వెతికారు. బయట కూర్చున్న అత్తయ్యకు కూడా ఆపరేషన్‌లో రక్తం పోయిందనే చెప్పారు. గురువారం ఉదయం పది గంటలకు ఐసీయూ డాక్టరమ్మ, ఈవిడ ఇంట్లో ఏం మందులు వాడేది అని గట్టిగా అడిగితే, అప్పుడు ఎవరో వెళ్లి బీరువా తెరిచారు. కవరు తెరిచారు. బొత్తాల డబ్బా తెరిచారు. పచ్చ కార్డు పైనే ఉంది. వెంటనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. బీపీ కాస్త లేచింది. అప్పటికే మూత్రపిండాలు ఆగిపోయాయి. శుక్రవారం మధ్యాహ్నం పెద్దమ్మ పోయింది.

సామాన్లు తెచ్చుకోడానికి అత్తయ్య, నేను ఎముకల వార్డుకు వెళ్లాం. పక్క మంచం మీద కాలికి కట్టుతో ఒక టీచరమ్మ ఉంది. మీరేనా మరదలు అని అడిగింది. పెద్దమ్మ ఆ మూడు రోజులూ ఆమెతో మాట్లాడుతూనే ఉందట. మాత్రలు గుర్తుకు రాక కాదు. సోమవారం పొద్దున్నే టీచరమ్మే అడిగింది, మీకు రోజూ మందులున్నాయన్నారే, అడగనా అని.

"వద్దందమ్మా," అంది టీచరమ్మ. "తినకుండా వేసుకుంటే మా మరదలు చంపేస్తుంది అంది. నవ్వుతూనే అంది. సాయంత్రం తిన్నాక అడగండి అంటే, పొద్దున వేసుకోవాల్సినవి సాయంత్రం వేసుకుంటే ఇంకోసారి చంపేస్తుంది అంది."

మంగళవారం సాయంత్రం మాత్రం ఒంట్లో బాగోలేదని పెద్దమ్మే డబ్బా అడిగిందట. డ్యూటీలో ఉన్న చిన్న సిస్టర్, షీటులో రాసి లేవు, రేపు పొద్దున తిన్నాక డాక్టరును అడిగి ఇస్తాను అందట. రేపు పొద్దున తినేది ఉండదని ఆ అమ్మాయికీ తోచలేదు, పెద్దమ్మకూ తోచలేదు.

అత్తయ్య టీచరమ్మ దిండు సరిచేసింది. థ్యాంక్స్ అంది. మెట్ల మధ్యలో కూర్చుని బొత్తాల డబ్బాలోంచి కార్డు తీసి చదివింది. తింటేనే వేసుకోవాలి, ఒక్కరోజు కూడా మానకూడదు. రెండూ తనే నేర్పింది. రెండూ ఒకే రోజున ఎదురుపడితే ఏది నెగ్గాలో నేర్పలేదు. ఇరవై రెండేళ్లలో ఎవరికీ నేర్పలేదు. పెద్దమ్మ దేనికి ఎక్కువ తిట్లు తిందో దాన్నే పట్టుకుంది.

నెల తర్వాత విచారణ జరిగింది. మేట్రన్, ఇద్దరు డాక్టర్లు. కాగితం ముందే టైపు చేసి ఉంది. రోగికి తన మందుల గురించి అవగాహన లేనందున వాటిని వాడలేదు, సిబ్బంది విధి నిర్వహణలో లోపం కనబడలేదు అని. కింద కుటుంబ సభ్యుల సంతకానికి ఒక గీత. మామయ్య కాగితం చదివి అత్తయ్య వైపు తోశాడు. ఆస్పత్రి మనిషివి నువ్వే కదా అన్నాడట.

ఆ గదిలో ఏం జరిగిందో అత్తయ్య ఒక్కసారే చెప్పింది. మేట్రన్ చెడ్డగా మాట్లాడలేదు. సంతకం పెడితే ఎవరికీ ఏమీ కాదంది. ఆ చిన్న సిస్టర్‌కు ఉద్యోగం వచ్చి ఆరు నెలలే అయిందంది. పోయినావిడ ఎలాగూ రాదంది.

"ఆవిడకు తెలియదని మాత్రం రాయకండి మేడమ్," అంది అత్తయ్య. "ఈ ఆస్పత్రిలో ఆ మాత్ర గురించి ఆవిడకు తెలిసినంత మీ డాక్టర్లకు కూడా తెలియదు. తెలియనిదైతే బతికేది. ఏదో ఒక పూట మింగేసి ఊరుకునేది."

"మరి ఏమని రాయమంటావు?"

"నేను చెప్పింది చెప్పినట్టు చేసి చచ్చిపోయిందని రాయండి. నేను సగమే చెప్పానని రాయండి. మిగతా సగం మీ బీరువాలో ఉందని కూడా రాయండి."

సంతకం పెట్టలేదు. తను చెప్పాలనుకున్నది రెండు పేజీలు రాసి ఇచ్చింది. ఇంటి మందుల కవరును చేరిన రోజే డాక్టరు తెరిచి చూడాలని, స్టెరాయిడ్ ఉంటే షీటు మీద ఎర్రగా రాయాలని, ఆపరేషన్‌కు కడుపు మాడ్చినా దాన్ని సూదిగా ఇవ్వాలని, కార్డు మీద ఏడో వాక్యం వేయాలని. విచారణ వాళ్లు ఆ రెండు పేజీల్లోంచి ఒక్క ముక్క తీసుకున్నారు. రోగికి ఛాతీ ఓపీలో ఇచ్చిన సలహా అసంపూర్ణమని సంబంధిత సిస్టర్ స్వయంగా అంగీకరించారు అని ముగించారు. బీరువా మాట ఎక్కడా లేదు. వారం తిరక్కుండా ఆమెను ఓపీనుంచి తీసి దుప్పట్ల గదిలో వేశారు. రోగులకు మందుల గురించి ఏ సలహా ఇవ్వరాదని ఆ ఉత్తరువులో విడిగా ఒక వాక్యం ఉంది. ఏడో వాక్యం అచ్చు వేయడం కుదరదన్నారు. వేస్తే ఇంతకు ముందు లోపం ఉందని ఒప్పుకున్నట్టు అవుతుందట.

మామయ్య ఉత్తరువు చదివి, మడిచి ఇచ్చేస్తూ, "మూడు రోజులు. ఒకే ఆవరణ. రోజూ అడిగేదానివి," అన్నాడు. అంతే. తర్వాత డిపోలో తెల్లవారుజాము షిఫ్టు అడిగి తీసుకున్నాడు. ఐదింటికే వెళ్లిపోతాడు, టిఫిన్ అక్కడే తింటాడు.

అచ్చు వేయకపోతే చేత్తో రాస్తానని అత్తయ్య పాత కార్డులు ఒక కట్ట తెచ్చుకుంది. వాక్యం బాగుందో లేదో చూడమని నాకిచ్చింది. నేను దిద్ది, నాలుగు పెద్ద మాటలు వేసి ఇచ్చాను. ఆమె చదివి, ఇది మీ పెద్దమ్మకు అర్థమయ్యేదా అని అడిగింది. మళ్లీ తనే రాసింది. ఏమీ తినొద్దన్న రోజున కూడా ఈ మందు ఆగకూడదు, అడిగి సూదిగా వేయించుకోండి, ఎవరి మాటా వినకండి. ఎవరి మాటా వినకండి అనొచ్చా అని నేను సందేహించాను. నా మాట కూడా అంది.

మందుల కౌంటర్‌లో కూర్చునే బట్టతలాయన ఆమెకు పాత స్నేహితుడు. ఉదయం దుప్పట్ల బండితో పాటు వచ్చిన ఇరవై కార్డులు కిటికీలోంచి తీసుకుని, స్టెరాయిడ్ మాత్రలు కొన్నవాళ్ల కవర్లలో ఒక్కొక్కటి వేసి పంపుతాడు. ఇది దుప్పట్లకు సంబంధించిన కాగితమేనా సిస్టరూ అని రోజూ అడుగుతాడు, అవును అని ఆమె రోజూ చెబుతుంది. ఆయన సెలవు పెట్టిన రోజున కార్డులు అలాగే ఇంటికి తిరిగొస్తాయి. ఓపీలో ఆమె స్టూలు మీద ఇప్పుడు ఎవరూ లేరు. పాత కార్డులు బల్ల మీద పెట్టి ఉంటాయి, కావలసినవాళ్లు తీసుకుంటారు.

ముందుగదిలో కుట్టుమెషిన్ అలాగే ఉంది. పొడుగు తగ్గించడానికి ఇచ్చిన ప్యాంటు ఒకటి ఇంకా దాని మీదే ఉంది. దాని తాలూకు మనిషి రెండుసార్లు వచ్చాడు, అడగలేక వెళ్లిపోయాడు.

అత్తయ్యకు ఇప్పుడు యాభై ఎనిమిదేళ్లు. రిటైరు కావడానికి రెండేళ్ల నాలుగు నెలలు ఉంది. ఎముకల వార్డుకు రోజుకు రెండుసార్లు దుప్పట్లు తీసుకువెళుతుంది, గుమ్మం దగ్గరే లెక్కపెట్టి ఇచ్చి వస్తుంది.